టూరిస్టు బోటు వేద్దామంటారా? ముందు ఈ లెక్క చూడండి

ఒకే అచ్చులో పోసిన రెండు ఫైబర్ బోట్లు పక్కపక్కన పెట్టండి. ఒకదాంట్లో వల ఉంటాది, ఇంకోదాంట్లో మెత్తటి సీట్లుంటాయి. వల ఉండే బోటుకి జీఎస్టీ 5 శాతం. సరదాకి తిరిగే స్పీడు బోటుకి 40 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి వచ్చిన కొత్త స్లాబుల్లో జెట్ స్కీలు, స్పీడు బోట్లు, యాట్‌లు అన్నిటినీ సొంత విమానాల సరసన కూర్చోబెట్టారు. అంతకుముందు 28 శాతం, పైన 3 శాతం సెస్సు ఉండేది. ఇప్పుడు పది లక్షల బోటు మీద పన్నే నాలుగు లక్షలు.

అంబానీల యాట్ గురించి మనకెందుకు అంటారేమో. బిట్రగుంట రైలు ఊరు, సముద్రం ఊరు కాదు అని కూడా అంటారు. నిజమే, స్టీమ్ ఇంజన్ల కాలంలో ఈ ఊరికి పేరొచ్చింది లోకో షెడ్డు వల్లే. అయితే అదే బోగోలు మండలంలో తూర్పుకి పోతే బకింగ్‌హాం కాలువ దాటినాక జువ్వలదిన్నె వస్తాది. 2020 నవంబరులో శంకుస్థాపన చేసి, దాదాపు 289 కోట్లతో, 1,250 బోట్లు నిలిపే లెక్కన ఆడ ఫిషింగ్ హార్బర్ కట్టారు. 2024 ఆగస్టులో ప్రధాని వర్చువల్‌గా ప్రారంభించారు. దానికి తోడు 2024-29 టూరిజం పాలసీలో టూరిజానికి పరిశ్రమ హోదా ఇచ్చారు. 2025 జనవరిలో ఫ్లెమింగో ఫెస్టివల్ పేరుతో భీమునివారిపాలెం కాడ పులికాట్‌లో జనాన్ని బోట్లెక్కించి తిప్పారు. ఇవన్నీ రీల్స్‌లో చూసిన కుర్రోళ్ళకి ఒక ఆలోచన రాకుండా ఉంటాదా? మనమూ ముగ్గురు నలుగురు కలిసి ఒక బోటు వేస్తే ఏం పోయింది అని.

లెక్క కూడా ఈజీగానే కనబడతాది. ఎనిమిది మందిని ఎక్కించుకుంటే మనిషికి 200. ఒక రౌండుకి 1,600. రోజుకి పది రౌండ్లు కొడితే 16,000. నెలకి నాలుగు లక్షల ఎనభై వేలు! ఫోన్ క్యాలిక్యులేటర్‌లో ఇంతకన్నా అందమైన అంకె రాదు.

కూడిక కరెక్టే. రోజులే కరెక్టు కాదు. మన తీరాన జనం కనబడేది శని, ఆదివారాలు, పండగలు, కార్తీకమాసం. ఏడాదికి 104 వారాంతపు రోజులు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి ఈశాన్య రుతుపవనాల కాలం, వాయుగుండాల కాలం. 2023 డిసెంబరు 5న బాపట్ల కాడ తీరం దాటిన మిచౌంగ్ తుఫాను నెల్లూరు తీరాన్ని ఎట్ట తడిపేసిందో మర్చిపోలేదు కదా. ఆ మూడు నెలల వారాంతాలు తీసేస్తే మిగిలేది 78 రోజులు. పండగలు కలుపుకుంటే తొంభై అనుకోండి. అందులో ఎండాకాలం మధ్యాహ్నాలు ఇసకలో కాలు పెట్టలేరు. పది రౌండ్లు యాడ పడతాయి? బోటు మాత్రం 365 రోజులూ నీళ్ళలోనో గట్టు మీదో ఉంటాది, ఖర్చు పెట్టిస్తానే ఉంటాది.

అందుకే కొనే ముందు మూడు సంగతులు తేల్చుకోవాల: కాయితం, మరమ్మత్తు, బీమా. ఈ మూడోదాన్ని మనోళ్ళు చివరాఖరికి, అదీ ఎవరన్నా అడిగితేనే పట్టించుకుంటారు. నేను మాత్రం దాన్నే మొదట చూడమంటాను. బీమా కంపెనీ ఏ బోటుకి పాలసీ ఇస్తానంటాదో ఆ బోటే కొనాల. బోటు కొనుక్కోని పాలసీ కోసం తిరిగితే లాభం లేదు.

కాయితం దగ్గరే మొదటి పేచీ వస్తాది. 40 శాతం పన్ను అన్నాను కదా, అది సరదా బోట్లకి, ఆటల బోట్లకి. టికెట్టు మీద జనాన్ని తిప్పే ఎక్స్‌కర్షన్ బోట్లు, ఫెర్రీలు ఇంకో పద్దు కిందికి వస్తాయి, ఆడ 5 శాతమే. ఇన్వాయిస్ మీద హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ 8901తో మొదలవతా ఉందా, 8903తోనా అన్నది చూసుకోండి. 8902 అంటే చేపల బోటు. పన్ను మిగిలిద్దని ఎవరన్నా ‘చేపల బోటు అని రాయించుకోండన్నా’ అంటే ఆడనే లేచి వచ్చెయ్యండి. ఎందుకో కింద చెప్తాను.

రెండోది, ఏ నీళ్ళలో తిప్పతారన్నది. బకింగ్‌హాం కాలువలోనా, వాగు మొగ దాకానా, మొగ దాటి సముద్రంలోనా? కంటికి అంతా ఒకే నీళ్ళు, చట్టానికి మాత్రం వేరు వేరు. కాలువలు, నదులు, సరస్సులకి ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం 2021 ఉంది. 1917 నాటి పాత చట్టం తీసేసి తెచ్చింది ఇది, 2022 జూన్ నుంచి అమల్లో ఉంది. ఇంజను పెట్టిన ప్రతి బోటుకి సర్వే, రిజిస్ట్రేషన్, నడిపే సరంగుకి సర్టిఫికెట్, బీమా ఉండాలంటాది. సముద్రంలోకి పోతే మర్చంట్ షిప్పింగ్ చట్టం. పాత 1958 చట్టంలో తీరం వెంబడే తిరిగే 15 టన్నుల లోపు బోట్లకి రిజిస్ట్రేషన్ మినహాయింపు ఉండేది. 2025లో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం చిన్నా పెద్దా తేడా లేకుండా అన్నిటికీ రిజిస్ట్రేషన్ అంటా ఉండాది. చేపల బోటయితే మత్స్యశాఖ లైసెన్సు, నంబరు వేరే. ఈ మూడిట్లో మీ బోటు దేనికిందికి వస్తాదో మీకే తెలియకపోతే, రేపు తేడా వచ్చినప్పుడు ముగ్గురు ఆఫీసర్లూ ‘మాది కాదు’ అంటారు.

ఇంకొక కాయితం ఉంది, అది ఏ ఆఫీసులోనూ దొరకదు. తీరాన పట్టపుపాలేల్లో దురాయి అంటే అందరికీ తెలుసు. వలలు వేసే చోట స్పీడు బోటు తిప్పి ఒక వల చింపితే ఎంత గొడవయిద్దో, తమిళనాడు నుంచి వచ్చే స్పీడు బోట్లతో మనోళ్ళు ఏళ్ళ తరబడి పడతా ఉన్న బాధ చూస్తే అర్థమయిద్ది. పాలెం పెద్దల్ని అడక్కుండా నీళ్ళలో బోటు దించే ఆలోచన పెట్టుకోవద్దు. హార్బర్ కట్టింది కూడా వేట బోట్ల కోసం. ఆడ మనం అతిథులం.

ఇక మరమ్మత్తు. బైక్ లాగా కవర్ కప్పి పెట్టి ఆర్నెల్ల తర్వాత కిక్ కొడితే స్టార్ట్ అయ్యేది కాదు బోటు. ఉప్పునీళ్ళు తినని వస్తువు లేదు. ఔట్‌బోర్డు ఇంజను సముద్రంలో తిరిగొచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళు పట్టించి లోపల కడగాల. కడక్కపోతే ఉప్పు గడ్డకట్టి నీళ్ళ దారి మూసుకుపోతాది, ఇంజను వేడెక్కి పట్టేస్తాది. నీళ్ళు తోడే రబ్బరు ఇంపెల్లరు ఖరీదు తక్కువే, అది మార్చకపోతే పొయ్యే ఇంజను ఖరీదు లక్షల్లో. గేరాయిల్ తీసినప్పుడు పాలమాదిరి తెల్లగా వస్తే సీలు పోయి లోపలికి నీళ్ళు దిగినట్టు. ఇంజను కింద జింకు దిమ్మలు ఉంటాయి చూడండి, అవి అరిగిపోయేదానికే పెట్టింది. అవి అరిగితేనే మిగతా లోహం బతుకుతాది. వాటికి రంగు పూస్తే ఉపయోగం పోయినట్టే. అడుగున గుల్లలు అంటుకుంటే బోటు బరువెక్కి పెట్రోలు తాగుతాది, ఏడాదికోసారన్నా గట్టెక్కించి గీకి రంగెయ్యాల.

పెట్రోలు అంటే గుర్తొచ్చింది, ఇది చాలామంది చెప్పరు. బంకుల్లో ఇప్పుడు పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. ఔట్‌బోర్డు ఇంజన్ల మాన్యువల్స్‌లో ఎక్కువ భాగం 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి. ఇథనాల్ గాలిలో తేమని లాగేసుకుంటాది. రోజూ తిరిగే బైక్‌లో ఆ పెట్రోలు వారంలో అయిపోతాది కాబట్టి తెలీదు. సముద్రపు గాలికి నెలలు నిలవ ఉండే బోటు ట్యాంకులో అయితే నీళ్ళూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి. సీజన్ మొదటి రోజు ఇంజను తాగేది ఆ అడుగునీళ్ళనే. మొగ కాడ అల కొట్టేటప్పుడు ఇంజను ఆగిపోతే ఏమయిద్దో సముద్రం తెలిసినోళ్ళకి చెప్పక్కర్లేదు. ట్యాంకు నిలవ పెట్టొద్దు, నీళ్ళు వేరుచేసే ఫిల్టరు తప్పకుండా పెట్టించండి, కొనే ముందే డీలర్ని ఈ20 సంగతి రాతపూర్వకంగా అడగండి.

బోటు ఓనర్లు ప్రపంచమంతా చెప్పుకునే ఒక మోటు లెక్క ఉంది: ధరలో పదో వంతు ఏటా నిర్వహణకి పోతాదని. పద్నాలుగు లక్షలు పెట్టి తెచ్చుకున్న బోటుకి ఏడాదికి లక్షా నలభై వేలు. సరంగు జీతం, డెక్ హ్యాండ్ కూలి, పెట్రోలు, బ్యాంకు వడ్డీ ఇందులో లేవు. తొంభై రోజుల సంపాదన మీద ఇదంతా పడతాది.

కట్టు సంగతి ఒక్క ముక్క. 2024 సెప్టెంబరు 1న కృష్ణ వరదలో పెద్ద పెద్ద బోట్లు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల కాడ కౌంటర్ వెయిట్లని పగలగొట్టాయి గుర్తుంది కదా. కేసులు పడ్డాయి, అరెస్టులు జరిగాయి. దాని చుట్టూ నడిచిన రాజకీయం పక్కన పెట్టండి. బోటు ఓనరుకి అందులో ఉన్న పాఠం చిన్నది: తాడు తెగిన బోటు ఎవర్ని గుద్దినా, దేన్ని గుద్దినా ముందు అడిగేది నిన్నే. ‘వరదొచ్చింది సార్’ అన్న మాట బీమా కంపెనీ కాడ కొంత నిలుస్తాదేమో, పోలీస్ స్టేషన్లో నిలవదు.

ఇప్పుడు బీమా. బోటు పాలసీలో రెండు వేరు వేరు ముక్కలుంటాయి. ఒకటి మీ బోటుకి, ఇంజనుకి జరిగే నష్టం. రెండోది మీ బోటు వల్ల ఇంకొకరికి జరిగే నష్టం: ఎక్కినోళ్ళు, పక్క బోటోళ్ళు, ఈత కొట్టేవాళ్ళు. బ్యాంకు లోనిచ్చేటప్పుడు మొదటిదాన్నే అడుగుతాది, ఎందుకంటే దాని డబ్బులు అందులో ఉండాయి. మన కొంపలు ముంచేది రెండోది. బోటు పోతే పద్నాలుగు లక్షలు పోతాయి. ఎనిమిది మంది పోతే?

మొదటి ముక్కలో కూడా ఏం రాదో ముందు చదవండి. అరుగుదల, తుప్పు, మెల్లగా కారే లీకు, మెయింటెనెన్స్ లేక పట్టేసిన ఇంజను సాధారణంగా పాలసీలో ఉండవు. పైన చెప్పిన ఇంపెల్లరు మార్చిన బిల్లు, రంగేసిన బిల్లు, సర్వీసు పుస్తకం దాచిపెట్టమనేది అందుకే. క్లెయిమ్ రోజు సర్వేయరు మొదట అడిగేవి అవే. బోటు విలువ తక్కువ చూపించి ప్రీమియం మిగిలించుకుందామనుకుంటే, నష్టమొచ్చినప్పుడు ఆ మిగిల్చింది పోను ఇంకా చేతినుంచి పడతాది. ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ కూడా ఉంది, అదీ లెక్కలో రాసుకోండి. పాలసీ ఎవరి పేరు మీద ఉంది, ఇన్వాయిస్ ఎవరి పేరు మీద ఉంది, డబ్బులు ఎవరెవరు పెట్టారు అన్నది మూడూ కలవాల. ముగ్గురు స్నేహితులు పెట్టుబడి పెట్టి ఒకరి పేరు మీదే అన్నీ రాయించుకుంటే, లాభం ముగ్గురిది అయిద్దేమో గానీ కేసు మాత్రం ఒకడిదే.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటి ఉంది: వారంటీ. ఫ్రిజ్జు వారంటీ కాదిది. 1963 మెరైన్ ఇన్సూరెన్స్ చట్టంలో వారంటీ అంటే మనం కంపెనీకి ఇచ్చే మాట. ‘లైసెన్సున్న సరంగే నడుపుతాడు’, ‘ఎనిమిది మందికి మించి ఎక్కించం’, ‘ఫలానా నీళ్ళు దాటి పోము’, ‘నవంబరులో గట్టెక్కించి ఉంచుతాం’. ఇవి తూచా తప్పకుండా పాటించాల. తప్పిన రోజు నుంచే కంపెనీ బాధ్యత ఆగిపోతాది. నువ్వు తప్పిన మాటకీ జరిగిన నష్టానికీ సంబంధం ఉందా లేదా అన్నది కూడా చట్టం చూడనక్కర్లేదు. సరంగు పెళ్ళికి పొయ్యాడని ఆ రోజు బావమరిది నడిపాడు, వైరింగు కాలి బోటు అంటుకునింది అనుకోండి. నిప్పు అంటుకునింది బావమరిది వల్ల కాకపోయినా సరే, కంపెనీకి చెయ్యి దులుపుకునే దారి దొరికినట్టే. కాలువకని రాయించుకున్న పాలసీ మొగ దాటినాక పనికిరాదు. డాల్ఫిన్లు చూపిస్తామని ఒక్క ఫర్లాంగు పోయినా అంతే.

చేపల బోటు అని ఇన్వాయిస్ రాయించొద్దన్నది ఇందుకే. పాత ఫైబర్ బోటు చవకగా కొని, రంగేసి, రెయిలింగు పెట్టి, పైన ఇంకో అంతస్తు కట్టి టూరిస్టు బోటు చేద్దామనే ఆలోచన చాలాచోట్ల నడస్తా ఉంది. 2023 మే 7న కేరళలో తానూరు కాడ ఇట్టాంటి బోటే తిరగబడింది. వేట బోటుని విహార బోటుగా మార్చారు, ఎక్కించాల్సిన వాళ్ళకన్నా ఎక్కువ మందిని ఎక్కించారు, 22 మంది పొయ్యారు, ఎక్కువమంది పిల్లలు. వేట బోటు తయారుచేసేటప్పుడు బరువు అడుగున, ఐస్, చేపలు ఉండే చోట ఉంటాదని లెక్కేస్తారు. మనుషుల్ని పైన నిలబెడితే ఆ లెక్క తలకిందులవతాది. అందరూ ఫోటో కోసం ఒక పక్కకి ఒరిగితే చాలు. చేపల బోటుకి తీసుకున్న పాలసీ ఆ మనుషులకి ఒక్క రూపాయి కూడా కట్టేది కాదు.

మన రాష్ట్రంలో జరిగినవి మాత్రం తక్కువా? 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ కాడ, పవిత్ర సంగమం దగ్గర, అనుమతి లేని బోటు తిరగబడి 22 మంది చనిపోయారు. ఎక్కువమంది మన పక్క ఒంగోలోళ్ళే. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు కాడ రాయల్ వశిష్ట మునిగింది. 77 మంది ఎక్కితే బయటపడింది 26 మంది. బోటుని బయటికి లాగేదానికే నెల పైన పట్టింది. చనిపోయిన కుటుంబాలకి పది లక్షలు ఇస్తామని ముఖ్యమంత్రి ప్రకటించారు. ఆ డబ్బు ఖజానాది. రోడ్డు మీద బస్సు బోల్తా పడితే థర్డ్ పార్టీ బీమా ఉంటాది, క్లెయిములకి ట్రిబ్యునల్ ఉంటాది, చనిపోయినాయన వయసు, సంపాదన చూసి పరిహారం లెక్కేస్తారు. నీళ్ళలో పోతే ముఖ్యమంత్రి ప్రకటనే దిక్కు. ఆ తేడా ఎన్నాళ్ళు నడవాల?

బీమా లేని బోటు కత ఇంకోటి విశాఖలో చూశాం. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో నిప్పంటుకుని పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. ప్రభుత్వం బోటు విలువలో 80 శాతం ఇస్తానని ముందుకొచ్చింది, ఇచ్చింది. వాళ్ళు వేటగాళ్ళు, వాళ్ళ వెనక సంఘాలున్నాయి, శాఖ ఉంది, ఎన్నికలు దగ్గరున్నాయి. జువ్వలదిన్నె కాడో మైపాడు కాడో ఒక స్పీడు బోటు కాలిపోతే 80 శాతం ఎవరిస్తారు?

ప్రభుత్వాన్ని అడగాల్సింది ఈడనే ఉంది. మత్స్యకారుడికి ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద గ్రూపు ప్రమాద బీమా ఉంది: చనిపోతే 5 లక్షలు, శాశ్వత పాక్షిక అంగవైకల్యానికి రెండున్నర లక్షలు. వేట బోట్ల ప్రీమియానికి సాయం చేసే పద్దు కూడా ఆ పథకంలో ఉంది. అది సరైన పనే. అదే మత్స్యకారుడి కొడుకు రేపు టూరిస్టు బోటు పెట్టుకుంటే ఈ గొడుగు కింద నుంచి బయటికి వచ్చేస్తాడు. టూరిజం శాఖ కాడ అట్టాంటి గొడుగు లేదు, పరిశ్రమ హోదా అనే మాట మాత్రం ఉంది. కచ్చులూరు తర్వాత పెట్టిన తొమ్మిది బోటు కంట్రోల్ రూముల జాబితా తీసి చూడండి. గోదావరి ఉంది, కృష్ణ ఉంది, రుషికొండ ఉంది. నెల్లూరు తీరం లేదు. ఎవరు ఎంతమందిని ఎక్కించుకుని ఎన్నింటికి బయల్దేరారో రాసుకునే మనిషి లేని చోట, బోటు కొనుక్కోమని కుర్రోళ్ళకి చెప్పడం న్యాయం కాదు.

వంద బోట్లు ఒక్కొక్కటిగా పోయి అడిగితే బీమా కంపెనీ పట్టించుకోదు, లేదా నోటికొచ్చిన ప్రీమియం చెప్తాది. జిల్లాలోని టూరిస్టు బోట్లన్నిటికీ కలిపి ఒకే గ్రూపు పాలసీ, దాంట్లో ప్రయాణికుల భాగం తప్పనిసరి, ఏటా సర్వే అయిన బోట్లకే చోటు అని టూరిజం శాఖే మాట్లాడి తేవచ్చు. టికెట్టులో ఐదు రూపాయలో పది రూపాయలో బీమా కింద తీసి పక్కన పెట్టొచ్చు. దీనికి వందల కోట్లు అక్కర్లేదు. మన వైపు ఔట్‌బోర్డు ఇంజను విప్పి బిగించే మెకానిక్కులు తయారవ్వాలన్నా పెద్ద పని కాదు. రైలింజన్లు విప్పి బిగించిన ఊరికి ఈ ఇంజను ఒక లెక్కా? కావలి చుట్టుపక్కల ఐటీఐల్లో ఆర్నెల్ల కోర్సు పెడితే చాలు. నన్నడిగితే బోటు ఓనరు కన్నా ఆ మెకానిక్కే నాలుగు రాళ్ళు ఎనకేస్తాడు. వేట బోట్లకీ వాడే కావాల, టూరిస్టు బోట్లకీ వాడే కావాల, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆగే 61 రోజుల్లో వాడికి తీరికే ఉండదు.

ఇంతా చదివి కూడా బోటు వేస్తామంటే, వెయ్యండి. ఈసారి సీజన్ మాత్రం వదిలెయ్యండి. ఈ లోపల ఒక బీమా ఆఫీసుకి పొయ్యి నాలుగు ప్రశ్నలడగండి: ఈ రకం బోటుకి ప్రయాణికుల బాధ్యతతో కలిపి పాలసీ ఇస్తారా, ఏ నీళ్ళ దాకా, ఎంతమందికి, తుఫాను నెలల్లో బోటు యాడ ఉండాలంటారు. జవాబులు నోటిమాటగా వద్దు, కాయితం మీద తీసుకోండి. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టినాక పాలసీ కోసం పోతే ఎవరూ ఇస్తారని ఆశ పెట్టుకోవద్దు. ఆ కాయితం చేతికొచ్చినాక, డీలరుకి అడ్వాన్సు ఇచ్చే ముందు, అదే కాయితం పట్టుకుని పాలెం పెద్దల కాడికి పోండి.